కంప్రెసర్ కొనే ముందు గాలి లెక్క వేసుకోండి: ఇంటికీ షాపుకీ ఏది సరిపోతుందో స్టెప్ బై స్టెప్

గాలిని నొక్కి ట్యాంక్ లో నింపే ఎయిర్ కంప్రెసర్ కొందామని షాపుకెళ్తే కౌంటర్ దగ్గర అబ్బాయి అడిగే మొదటి మాట "ఎన్ని హెచ్‌పీ కావాలి సార్" అని, రెండో మాట "ట్యాంక్ ఎన్ని లీటర్లు" అని. మనం కూడా పక్కింటాయన కొన్నదో, యూట్యూబ్ లో చూసిందో గుర్తు తెచ్చుకుని ఏదో నంబర్ చెప్పేసి బిల్ వేయించుకుని వచ్చేస్తాం. ఇంటికొచ్చి స్ప్రే గన్ తగిలించాక అసలు సంగతి బయటపడుతుంది. ఎందుకంటే టూల్ కి కావాల్సింది హెచ్‌పీ కాదు, లీటర్లు కాదు, నిమిషానికి ఎంత గాలి వస్తుంది అనేదే. ఆ ఒక్క లెక్క ముందు వేసుకుంటే మిగతావన్నీ వాటంతటవే తేలిపోతాయి.

నేను కాకినాడలో ఇంటి వెనక షెడ్ లో చెక్క పని, పాలిష్ పని చేస్తుంటా. మొదట కొన్నది 1 హెచ్‌పీ, 25 లీటర్ల మిషన్. శ్రావణ మాసంలో మా అక్క వాళ్ళ గృహప్రవేశం, వాళ్ళ టేకు సింహద్వారానికి పీయూ (పాలీయురేథేన్) పాలిష్ నేనే కొడతానని మాటిచ్చా. పైన మూడో వంతు అద్దంలా వచ్చింది, ఆ తర్వాత గన్ లోంచి విసనకర్రలా విచ్చుకుని వచ్చే చిమ్ము సన్నబడిపోయి పాలిష్ పొగలా రావడం మానేసి చుక్కలు చుక్కలుగా పడటం మొదలైంది, ఆరెంజ్ పీల్ అంటారే అలా తలుపంతా గరుకుగా తయారైంది, అది చాలదన్నట్టు మధ్యలో రెండు నీటి బొట్లు చిమ్మి ఆ చోట తెల్లగా మచ్చలు పడ్డాయి. మొత్తం శాండింగ్ చేసి మళ్ళీ కొట్టాల్సొచ్చింది, అదీ వేరే వాళ్ళ మిషన్ తెచ్చుకుని. ఆ తలుపు దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ మొత్తం రాస్తున్నా.

స్టెప్ 1: మీ టూల్స్ లో ఎక్కువ గాలి తినేది ఏదో చూడండి

ఒక కాగితం తీసుకుని మీరు చేయబోయే పనులన్నీ రాయండి. బండికి గాలి కొట్టడం, ఏసీ ఫిల్టర్ దుమ్ము ఊదడం, నెయిల్ గన్, స్ప్రే గన్, వీల్ నట్లు విప్పే ఇంపాక్ట్ గన్, చెక్కని రుద్ది నునుపు చేసే శాండర్, ఏవైనా సరే. ఒక్కోదానికి రెండు నంబర్లు కావాలి, ఎంత ప్రెషర్ లో నడుస్తుంది, నిమిషానికి ఎంత గాలి తింటుంది. ప్రెషర్ ని పీఎస్ఐ లోనో బార్ లోనో చెప్తారు, 1 బార్ అంటే 14.5 పీఎస్ఐ. గాలిని సీఎఫ్ఎం లో చెప్తారు, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగులు అని, 1 సీఎఫ్ఎం సుమారు 28 లీటర్లు. టూల్ డబ్బా మీదో లోపలి కాగితం మీదో ఈ రెండూ ఉంటాయి.

సుమారుగా చెప్పాలంటే ఎయిర్ బ్రష్ కి అర సీఎఫ్ఎం, 15 నుంచి 30 పీఎస్ఐ చాలు. చెక్కకి కొట్టే బ్రాడ్ నెయిలర్ మేకు మేకుకీ కాస్త గాలే తీసుకుంటుంది కాబట్టి చిన్న మిషన్ తో హాయిగా నడుస్తుంది. హాఫ్ ఇంచ్ ఇంపాక్ట్ గన్ కి 90 పీఎస్ఐ దగ్గర 4, 5 సీఎఫ్ఎం అని రాస్తారు, అది ఆగి ఆగి కొట్టేది కాబట్టి ట్యాంక్ లో ఉన్న గాలితో నెట్టుకురావచ్చు. మామూలు గ్రావిటీ (పైన కప్పు ఉండే) స్ప్రే గన్ 4 నుంచి 7 దాకా తింటుంది, హెచ్‌వీఎల్‌పీ గన్ (ఎక్కువ గాలి, తక్కువ ప్రెషర్ రకం) అయితే 10 దాటేస్తుంది, ఎల్‌వీఎల్‌పీ అనే తక్కువ గాలి, తక్కువ ప్రెషర్ రకం 3 నుంచి 5 తో సరిపెట్టుకుంటుంది. గాలితో తిరిగే శాండర్, శాండ్ బ్లాస్టింగ్ మాత్రం బకాసురులు, ఆపకుండా 10 పైనే లాగుతాయి, ఇంట్లో సింగిల్ ఫేజ్ మిషన్ తో వాటి జోలికి వెళ్ళకండి, కరెంట్ శాండర్ కొనుక్కోండి.

మీ లిస్ట్ లో అన్నిటికన్నా ఎక్కువ తినేది ఏదో దానికి ఇంకో మూడో వంతు కలుపుకోండి. రెండు టూల్స్ ఒకేసారి నడిపే షాప్ అయితే రెండిటివీ కూడండి. మీ నంబర్ అదే, షాపులో హెచ్‌పీ అడిగినప్పుడు ఇదే చెప్పండి.

లిస్ట్ లో బండికి, కారుకి గాలి కొట్టడం ఒక్కటే ఉంటే ఇక్కడితో ఆపేయొచ్చు, కారు టైర్ కి 32, 35 పీఎస్ఐ, దానికి ట్యాంక్ కంప్రెసర్ దేనికి, 12 వోల్ట్ ల చిన్న ఇన్‌ఫ్లేటర్ డిక్కీలో పెట్టుకుంటే చాలు. అలాగే మన వైపు బోర్ లోంచి నీళ్ళు తోడడానికి పెట్టే కంప్రెసర్ మోటార్లు ఉంటాయి కదా, ట్యాంక్ లేకుండా తిన్నగా బోర్ లోకి గాలి పంపేవి, అవి వేరే పనివి, "అదే కదా ఇదీ" అని ఎవరైనా అమ్మజూపితే షాపు పనికి తీసుకోకండి.

స్టెప్ 2: డబ్బా మీద రాసిన సీఎఫ్ఎం ని నమ్మేయకండి

అందరూ దెబ్బ తినేది ఇక్కడే. డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసేది చాలాసార్లు డిస్‌ప్లేస్‌మెంట్, అంటే సిలిండర్ సైజు ఇంత, నిమిషానికి ఇన్నిసార్లు కొడుతుంది కాబట్టి ఇంత గాలి అని కాగితం మీద గుణించిన లెక్క. వాస్తవంగా పైపు చివర బయటికొచ్చే గాలిని ఎఫ్ఏడీ అంటారు, ఫ్రీ ఎయిర్ డెలివరీ అన్నమాట. పిస్టన్ పైన మిగిలిపోయే గాలి, వేడి, వాల్వ్ లీకులు అన్నీ పోగా చిన్న మిషన్లలో అది డిస్‌ప్లేస్‌మెంట్ లో మూడింట రెండు వంతులే ఉంటుంది, నాసిరకం అయితే అంతకన్నా తక్కువ. కాబట్టి షాపులో "ఎఫ్ఏడీ ఎంత, ఏ ప్రెషర్ దగ్గర" అని అడగండి. తెలీదు అంటే మనమే కొలుచుకోవచ్చు, ఫోన్ లో స్టాప్ వాచ్ ఉంటే చాలు.

ఎలాగంటే, మిషన్ ఆన్ చేయించి గాలి పైపు మూసేసి ఉంచండి. గేజ్ మీద ముల్లు 5 బార్ దాటగానే వాచ్ నొక్కండి, 7 బార్ తాకగానే ఆపండి. ట్యాంక్ లీటర్లని 2 తో గుణించండి, ఎందుకంటే 2 బార్ పెరిగింది కాబట్టి, దాన్ని పట్టిన సెకన్లతో భాగించి 60 తో గుణించండి. నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి వస్తుందో తేలిపోతుంది. రెండోసారి కొనేటప్పుడు నేను ఇదే చేశా. డబ్బా మీద 2 హెచ్‌పీ, 50 లీటర్లు, 8 సీఎఫ్ఎం అని ఉంది. ముల్లు 5 నుంచి 7 కి ఎక్కడానికి 50 సెకన్లు పట్టింది. 50 లీటర్లు రెండింతలు 100, దాన్ని 50 తో భాగించి 60 తో గుణిస్తే నిమిషానికి 120 లీటర్లు, అంటే 4.2 సీఎఫ్ఎం. ఎనిమిదికి నాలుగు. షాపాయన ఏమీ అనలేదు, ఇంకో మిషన్ కూడా ఆన్ చేసి చూపించాడు, అక్కడే పక్కపక్కన పోల్చుకున్నా. మిషన్ కాస్త వేడెక్కాక కొలవండి, చల్లగా ఉన్నప్పుడు కొంచెం ఎక్కువ చూపిస్తుంది. ఆన్ చేసి చూపించడానికి ఒప్పుకోని షాపులో కొనకండి అంతే.

చేతిలో మిషన్ లేకుండా ఊరికే అంచనా కావాలంటే చిన్న సైజుల్లో ఒక్కో హెచ్‌పీకి 2 నుంచి 3 సీఎఫ్ఎం అసలు గాలి అనుకోండి, మోటార్ బెల్ట్ తో తిప్పే మంచి పంపు అయితే ఇంకొంచెం పైకి.

స్టెప్ 3: ట్యాంక్ సైజు

ట్యాంక్ గాలి తయారు చేయదు, దాచి పెడుతుంది. దీన్ని సరిగ్గా పట్టుకుంటే సగం డబ్బులు మిగులుతాయి. నా తలుపు సంగతే లెక్కేసి చూడండి. నా గన్ తినేది 6 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి 170 లీటర్లు. నా పాత మిషన్ ఇచ్చేది 70 లీటర్లు. నిమిషానికి 100 లీటర్లు తరుగు. ఆ తరుగు ట్యాంక్ లోంచి రావాలి. ట్యాంక్ 7 బార్ నుంచి 4 బార్ కి దిగేదాకానే పనికొస్తుంది, అంతకన్నా కిందకి దిగితే పైపు, ఫిల్టర్, రెగ్యులేటర్ తినేసేది పోగా గన్ దగ్గర ప్రెషర్ నిలవదు. 25 లీటర్ల ట్యాంక్ లో 3 బార్ అంటే 75 లీటర్లు. అంటే 45 సెకన్లు. తలుపు మూడో వంతు దగ్గర ఆగిపోయింది అంటే ఆగదా మరి.

అదే 50 లీటర్లు, 120 లీటర్ల గాలి ఇచ్చే మిషన్ అయితే తరుగు 50, దాచుకున్నది 150, ట్రిగ్గర్ వదలకుండా 3 నిమిషాలు వస్తుంది. తలుపు ఒక వైపు కోటింగ్ కి 2 నిమిషాలు చాలు నాకు. కాబట్టి ఆగి ఆగి చేసే పనికి పెద్ద ట్యాంక్ సాయం చేస్తుంది, ఆపకుండా చేసే పనికి ఎంత పెద్ద ట్యాంక్ పెట్టినా కాసేపు వాయిదా వేయడమే. చిన్న మోటార్ కి పెద్ద ట్యాంక్ తగిలించి అమ్ముతుంటారు, చూడ్డానికి భారీగా ఉంటుంది, అది నిండేదాకా మోటార్ ఆగకుండా తిరిగి తిరిగి వేడెక్కుతుంది. చిన్న పిస్టన్ మిషన్లు పది నిమిషాల్లో ఐదారు నిమిషాలే నడిచి మిగతా టైమ్ చల్లారేలా చేసినవి, అది దాటిస్తే రింగులూ వాల్వులూ త్వరగా పోతాయి.

స్టెప్ 4: ఆయిల్ ఉన్నదా లేనిదా, బెల్టా డైరెక్టా

ఆయిల్ లేని మిషన్లలో ఇప్పుడు సైలెంట్ రకం బాగా దొరుకుతోంది, 1400 ఆర్‌పీఎం మోటార్ తో మెల్లగా తిరిగేది, పక్కన నిలబడి మాట్లాడుకోవచ్చు. అపార్ట్‌మెంట్ లో ఉండేవాళ్ళకి, డెంటల్ క్లినిక్ కి, ఎయిర్ బ్రష్ కి, గాలిలో ఆయిల్ కలవకూడదు అనుకునే పాలిష్ పనికి ఇదే నా ఓటు. ఆయిల్ చూసుకునే బాధ లేదు, కాకపోతే టెఫ్లాన్ రింగులు అరిగాక మార్చాలి, రింగ్ కిట్ దొరుకుతుందా అని కొనేటప్పుడే అడగాలి. ఆయిల్ లేకుండా 2800 ఆర్‌పీఎం తో తిరిగే చవక రకం కూడా ఉంది, అది చేసే గోలకి పక్కింటివాళ్ళు తలుపు కొడతారు, అదీగాక ఎక్కువ కాలం రాదు.

ఆయిల్ పోసి మోటార్ కే పంపు బిగించినవి డైరెక్ట్ మిషన్లు, ధర తక్కువ, బరువు తక్కువ, వారానికి నాలుగైదు సార్లు వాడేవాళ్ళకి పర్లేదు. రోజంతా నడిచే పంక్చర్ షాప్, బైక్ మెకానిక్ షెడ్, పాలిష్ షాప్ అయితే బెల్ట్ మిషనే కొనండి. పంపు 700, 1000 ఆర్‌పీఎం మధ్య నిదానంగా తిరుగుతుంది, చల్లగా ఉంటుంది, మోటార్ కాలితే మోటార్ ఒక్కటే విప్పి వైండింగ్ కి ఇవ్వొచ్చు, ఏ ఊళ్ళో అయినా బాగు చేసేవాళ్ళు దొరుకుతారు. కోయంబత్తూర్ లో 1960 లో మొదలైన ఎల్జీ (ELGi, టీవీల ఎల్‌జీ కాదు) మిషన్లు పంక్చర్ షాపుల్లో ఇప్పటికీ కనిపిస్తాయంటే ఈ బెల్ట్ పంపుల వల్లే అని నా అభిప్రాయం.

లారీ టైర్లకి గాలి కొట్టేవాళ్ళు మాత్రం సింగిల్ స్టేజ్ (గాలిని ఒకే విడతలో నొక్కే మిషన్) తో సరిపెట్టుకోకండి. లారీ టైర్ లోనే 110, 120 పీఎస్ఐ ఉంటుంది, 8 బార్ అంటే 116 పీఎస్ఐ దగ్గర ఆగిపోయే మిషన్ దాన్ని ఎక్కడ నింపుతుంది. 12 బార్ దాకా వెళ్ళే టూ స్టేజ్ కావాలి. కార్ల డెంటింగ్ పెయింటింగ్ షెడ్ పెట్టేవాళ్ళది 5 హెచ్‌పీ, త్రీ ఫేజ్ లెక్క, అది వేరే కథ.

స్టెప్ 5: మీ ఇంటి కరెంట్ చూడండి, మిషన్ కన్నా ముందు

2 హెచ్‌పీ అంటే షాఫ్ట్ దగ్గర 1500 వాట్లు, మోటార్ లాగేది ఇంకా ఎక్కువ, నడిచేటప్పుడు 8 నుంచి 10 యాంప్స్, స్టార్ట్ అయ్యే క్షణం దానికి ఐదారు రెట్లు. 6 యాంప్స్ ప్లగ్ లో పెడితే ప్లగ్ కాలుతుంది. బోర్డ్ నుంచి తిన్నగా 2.5 స్క్వేర్ ఎంఎం వైర్ లాగించి 16 యాంప్స్ సాకెట్, స్టార్ట్ అయ్యే క్షణం లాగే కరెంట్ కి పడిపోని సీ కర్వ్ ఎంసీబీ పెట్టించండి, ఎర్తింగ్ తప్పనిసరి. సింగిల్ ఫేజ్ మీద 3 హెచ్‌పీ దాటొద్దు.

ఎండాకాలం సాయంత్రాలు పల్లెల్లో వోల్టేజ్ 200 కిందకి దిగిపోతుంది, అప్పుడు మోటార్ తిరక్కుండా "మ్‌మ్" అని మూలుగుతుంది. ఆ మూలుగు వినగానే ఆపేయాలి, ఇంకో పది సెకన్లు చూద్దాం అనుకుంటే కెపాసిటరో వైండింగో పోతుంది. కొనే ముందే రెండు మూడు రోజులు సాయంత్రం పూట మల్టీమీటర్ పెట్టి చూసుకోండి. సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్స్ తో దూరంగా పెట్టి నడపడం కూడా వోల్టేజ్ ని తినేదే, దూరం కావాలంటే గాలి పైపు పొడుగు పెంచండి, వైర్ కాదు. ఇంటి మీటర్ మీద షాప్ నడిపితే తనిఖీలో ఫైన్ పడుతుంది, డిస్కం ఆఫీసులో కనెక్షన్ కేటగిరీ, లోడ్ మార్పించుకుని మొదలుపెట్టండి.

స్టెప్ 6: నీళ్ళు

మన కోస్తా గాలికి ఇది ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే నా తలుపు మీద మచ్చలు ఇందుకే పడ్డాయి. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజు ఒక ఘనపు మీటర్ గాలిలో 24 గ్రాముల నీళ్ళుంటాయి. నిమిషానికి 120 లీటర్లు తీసుకునే మిషన్ ఒక గంట తిరిగితే 7 ఘనపు మీటర్ల పైన గాలి మింగుతుంది, దాన్ని నొక్కి చల్లార్చాక ఆ నీళ్ళలో ఎక్కువ భాగం ట్యాంక్ అడుగున చేరుతుంది, దాదాపు టీ గ్లాసుడు. అడుగున డ్రెయిన్ వాల్వ్ తిప్పి చూడండి, తుప్పు రంగులో చిమ్ముతుంది. రోజూ పని అయ్యాక అది తీసేయాలి. తీయకపోతే ట్యాంక్ లోపలి నుంచి తినేస్తూ పోతుంది, బయట పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది, రేకు మాత్రం కాగితం అయిపోతుంది. పంక్చర్ షాపుల్లో ట్యాంకులు పేలి మనుషులు పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం.

స్ప్రే పనికి నీళ్ళు పట్టి ప్రెషర్ ని అదుపు చేసే ఫిల్టర్ రెగ్యులేటర్ తప్పనిసరి. దాన్ని అందరూ మిషన్ కే బిగిస్తారు, అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది కాబట్టి నీళ్ళు ఆవిరిగానే ఫిల్టర్ దాటేసి పైపులో చల్లారి గన్ దగ్గర బొట్లవుతాయి. ఓ ఏడెనిమిది మీటర్ల పైపు తర్వాత, గన్ వైపు గోడకి బిగించండి. నేను అలా మార్చాక వానాకాలంలో కూడా మచ్చ పడలేదు. జోరున వాన పడే రోజు మాత్రం ఇప్పటికీ పాలిష్ పెట్టుకోను.

స్టెప్ 7: షాపులో డబ్బు ఇచ్చే ముందు చేతులతో చూసుకునేవి

సికింద్రాబాద్ రాణిగంజ్ లోనో, విజయవాడ ఆటోనగర్ లోనో కొంటే రకాలు చాలా దొరుకుతాయి, సొంత ఊళ్ళో కొంటే సర్వీస్ దగ్గర్లో ఉంటుంది. నేనైతే రెండోదానికే మొగ్గుతా, వాల్వ్ ప్లేట్, రింగ్ సెట్, ప్రెషర్ స్విచ్ ఈ మూడూ మీ ఊళ్ళో దొరక్కపోతే ఎంత మంచి మిషన్ అయినా నెలల తరబడి మూల పడుంటుంది.

ట్యాంక్ నిండాక స్విచ్ తనంతట తను ఆగాలి, ఆగగానే "ష్" అని కాస్త గాలి వదలాలి, ఆ శబ్దం రాకపోతే పంపులో మిగిలిన గాలిని వదిలే అన్‌లోడర్ పనిచేయట్లేదని అర్థం, తర్వాతిసారి పిస్టన్ మీద బరువుతోనే మోటార్ లేవాల్సొస్తుంది. సేఫ్టీ వాల్వ్ రింగ్ లాగి చూడండి, గాలి చిమ్మి మళ్ళీ గట్టిగా మూసుకోవాలి. మిషన్ ఆపేసి పావుగంట టీ తాగి వచ్చి గేజ్ చూడండి, ముల్లు దిగితే లీకు.

సెకండ్ హ్యాండ్ అయితే ట్యాంక్ అడుగు చూడకుండా కొనకండి. ఎక్కడైనా వెల్డింగ్ అతుకు కనిపిస్తే, ఎంత తక్కువకి ఇస్తానన్నా వద్దు. ఇంటికి తెచ్చాక కూడా తుప్పు పట్టి కారుతున్న ట్యాంక్ ని వెల్డింగ్ చేయించడం అనే ఆలోచనే పెట్టుకోకండి, పాత ఇనుముకి వేసేయండి.

గాలి లైన్ కి ఇంట్లో మిగిలిన పీవీసీ పైపు వాడొద్దు. నీళ్ళకి వాడే ఆ పైపు గాలి ప్రెషర్ కి పగిలితే పెంకులు కత్తుల్లా ఎగురుతాయి. జీఐ పైపో, గాలికి చేసిన రబ్బర్ లేదా పీయూ పైపో వాడండి. 8 ఎంఎం పీయూ పైపు లోపల కన్నం 5 ఎంఎం మాత్రమే, అది నెయిల్ గన్ కి సరే, స్ప్రే గన్ కి గొంతు నొక్కినట్టే, గన్ కి లోపల 8 ఎంఎం ఉన్న పైపు పెట్టండి. ఇంకో మాట, గాలి పైపుని ఆటకి కూడా మనిషి ఒంటి వైపు పెట్టొద్దు, షాపులో పనికుర్రాళ్ళు ఉంటే మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పండి, కడుపులోకి గాలి వెళ్ళి ప్రాణాలు పోయాయి ఈ ఆటల్లో. పీయూ కొట్టేటప్పుడు మూతికి కర్చీఫ్ కట్టుకుంటే ఏమీ ఆగదు, కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ వేసుకోండి.

స్టెప్ 8: ఇంటికి తెచ్చిన మొదటి రోజు

ఆయిల్ మిషన్ అయితే లోపల ఆయిల్ ఉందో లేదో గాజు కన్నంలో చూసుకోండి, చాలా మిషన్లు రవాణాలో ఖాళీగానే వస్తాయి. కంప్రెసర్ ఆయిల్ వేరే ఉంటుంది, అదే పోయండి, బండి ఇంజన్ ఆయిల్ పోస్తే వాల్వుల మీద మసి కడుతుంది. మాన్యువల్ లో రాసినట్టు డ్రెయిన్ తెరిచి కాసేపు ఖాళీగా తిప్పండి, తర్వాత మూసి నింపి జాయింట్లన్నిటికీ సబ్బు నురగ పూసి బుడగలు చూడండి.

అన్నీ సరిగ్గా ఉన్నాయి అనుకున్నాక ఆ 5 నుంచి 7 బార్ టైమ్ మళ్ళీ కొలిచి, తేదీ వేసి, ట్యాంక్ మీదే మార్కర్ తో రాయండి. నా మిషన్ మీద 50 అని ఉంటుంది. రెండేళ్ళకి ఒకసారి కొలిస్తే 68 వచ్చింది, పంపు విప్పించాను, వాల్వ్ ప్లేట్ రీడ్ (గాలికి తెరుచుకుని మూసుకునే పలచటి రేకు) ఒకటి అంచు విరిగి ఉంది. కొత్తది వేశాక 52 కి వచ్చింది, దాని కింద ఆ నంబర్, ఆ తేదీ కూడా రాసి పెట్టుకున్నా.